ప్రభుత్వ కొనుగోళ్లలో మన 4 శాతం ఎక్కడ ఆగిపోతోంది?

రిజర్వేషన్ అనగానే మన సభల్లో వినిపించేవి మూడే: చదువు, ఉద్యోగం, చట్టసభ సీటు. ప్రభుత్వం డబ్బు పెట్టి కొనే సరుకులో, తీసుకునే సేవల్లో కూడా ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉందని, అది 2012 నుంచి ఉందని చెబితే మన కార్యకర్తల్లోనే చాలామంది ఆశ్చర్యపోతారు. విద్యార్థి సంఘాల తరగతుల్లో ఈ విషయం వచ్చినప్పుడల్లా మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా అదే: ఇంతకాలం ఎవరూ ఎందుకు చెప్పలేదు? అందుకే ఈ వ్యాసం. చట్టం ఏమంటోంది, అందులో మనకు పనికొచ్చేది ఏది, కంత ఎక్కడుంది అనేవి ఒకచోట పెడుతున్నాం.

మూలం 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. అందరూ ఎంఎస్‌ఎంఈ చట్టం అంటారు. ఆ ఏడాది అక్టోబర్ 2న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ శాఖలూ, ప్రభుత్వ రంగ సంస్థలూ చిన్న సంస్థల నుంచి కొనడంలో ప్రాధాన్యం ఇచ్చేలా కేంద్రం గానీ రాష్ట్రాలు గానీ ఉత్తర్వు ఇవ్వవచ్చని ఈ చట్టంలోని 11వ సెక్షన్ చెబుతుంది. ఆ అధికారంతోనే కేంద్రం 2012 మార్చి 23న కొనుగోళ్ల విధానం ఉత్తర్వును నోటిఫై చేసింది. ఏప్రిల్ 1 నుంచి అమలు. కేంద్ర మంత్రిత్వ శాఖలూ, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలూ ఏడాది మొత్తం కొనుగోళ్లలో 20 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. ఆ 20లో ఐదో వంతు, అంటే మొత్తంలో 4 శాతం, ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థల నుంచి రావాలి. మొదటి మూడేళ్లు లక్ష్యం మాత్రమే. 2015 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. 2018 నవంబర్‌లో సవరించి మొత్తం వాటాను 25 శాతానికి పెంచారు, మహిళల సంస్థలకు 3 శాతం చేర్చారు. మనది మాత్రం 4 దగ్గరే ఉంది. మొత్తం వాటా పెరిగినా ఎస్సీ, ఎస్టీల వాటా ఎందుకు పెరగలేదని ఆనాడు పెద్దగా అడిగినవారు లేరు.

ఈ 4 శాతం ఎస్సీలకు ఇంత, ఎస్టీలకు ఇంత అని విడిగా లేదు. రెండూ కలిపే.

ఆలోచన మాత్రం 2012లో పుట్టలేదు. 2002 జనవరిలో భోపాల్‌లో జరిగిన దళిత మేధావుల సదస్సు విడుదల చేసిన ప్రకటనలోనే ప్రభుత్వ కొనుగోళ్లలో వాటా కావాలనే డిమాండ్ ఉంది. చంద్రభాన్ ప్రసాద్ వంటివారు అమెరికాలో నల్లజాతి వ్యాపారులకు సరఫరాల్లో కల్పించిన అవకాశాలను ఉదాహరణగా చూపారు. అప్పటి దిగ్విజయ్ సింగ్ ప్రభుత్వం మధ్యప్రదేశ్‌లో కొంత దూరం అమలు చేసింది కూడా. తర్వాత 2005లో పుణేలో మిలింద్ కాంబ్లే స్థాపించిన దళిత వాణిజ్య, పరిశ్రమల మండలి దీన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్లింది. వ్యాపారం గురించి మాట్లాడితే పెట్టుబడిదారీ భ్రమల్లో పడ్డట్టేనని మనలో కొందరు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఆ చర్చ అవసరమే. కానీ ప్రజల పన్నుల డబ్బు ఎవరి చేతుల్లోకి వెళ్తోందన్నది అంతకంటే తేలికైన ప్రశ్నేమీ కాదని మేము అనుకుంటున్నాం.

అర్హత ఎవరికి?

సొంత యాజమాన్య సంస్థ అయితే యజమాని ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి. భాగస్వామ్యమైతే ఎస్సీ, ఎస్టీ భాగస్వాములకు కనీసం 51 శాతం వాటా ఉండాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ప్రమోటర్ల వాటాల్లో 51 శాతం. సంస్థ సూక్ష్మ లేదా చిన్న తరగతిలో ఉండాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి మారిన లెక్క ప్రకారం యంత్రాల పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల లోపుంటే చిన్న సంస్థ. ఈ పరిమితులు చూస్తే మనవాళ్ల యూనిట్లలో దాదాపు అన్నీ సూక్ష్మ తరగతిలోనే ఉంటాయి. కానీ వంద కోట్ల టర్నోవర్ ఉన్న సంస్థ కూడా ఇప్పుడు 'చిన్న' సంస్థే అయింది కాబట్టి, రేకుల షెడ్డులో నాలుగు మిషన్లు పెట్టుకున్నవాడు అదే 25 శాతం కోసం దానితో పోటీ పడాలి.

మూడు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. ఈ విధానం తయారుచేసేవారికీ, సేవలు అందించేవారికీ మాత్రమే. కొని అమ్మే ట్రేడర్లకు వర్తించదు. 2021లో చిల్లర, టోకు వర్తకాన్ని ఎంఎస్‌ఎంఈల్లో చేర్చారు గానీ అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసమే, కొనుగోళ్ల వాటా కోసం కాదు. ఇక రోడ్లు, భవనాల వంటి వర్క్స్ కాంట్రాక్టులు ఈ విధానం బయట ఉన్నాయి. సర్కారు డబ్బు కుమ్మరించేది ఎక్కువగా అక్కడే, మనవాళ్లు తాపీ పట్టుకుని తరతరాలుగా నిలబడ్డదీ అక్కడే.

మూడోది తెలుగు నేలకు మరీ దగ్గరి సమస్య. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులు ఎస్సీలు కారు. మన రెండు రాష్ట్రాల్లో వారికి బీసీ-సీ సర్టిఫికెట్ ఇస్తారు. అంటే మాలపల్లిలో, మాదిగవాడలో ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరిలో ఒకరికి ఈ 4 శాతం వర్తిస్తుంది, మరొకరికి వర్తించదు.

టెండర్లో దొరికే రక్షణలు

టెండర్ పత్రాలు ఉచితంగా ఇవ్వాలి. ధరావతు, అంటే ఈఎండీ, కట్టనక్కర్లేదు. నాణ్యత, సాంకేతిక ప్రమాణాలు సరిపోతే పాత అనుభవం, టర్నోవర్ షరతులను సడలించవచ్చు. 358 రకాల వస్తువులను సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి మాత్రమే కొనాలి. ఆ జాబితా ఒకసారి తెరిచి చూడండి: బూట్లు, చెప్పులు, సంచులు, చీపుర్లు. ఏ పనులు చేస్తున్నందుకు మనల్ని ఊరి బయట ఉంచారో ఆ పనుల వస్తువులే. రైల్వేకో రక్షణ శాఖకో అవి అమ్మే సంస్థల యజమానులు ఎవరన్నది ఎవరైనా విద్యార్థి పరిశోధనగా తీసుకుంటే బాగుంటుంది.

ధర విషయంలో ఉన్న వెసులుబాటును ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక ప్రభుత్వ రంగ సంస్థ 10,000 జతల చేతి గ్లౌజులు కొనాలనుకుంది అనుకోండి. పెద్ద కంపెనీ జత 100 రూపాయలకు ఇస్తానంది. అదే అందరికంటే తక్కువ, టెండర్ భాషలో ఎల్‌1. మన సంస్థ 114 కోట్ చేసింది. ఎల్‌1 కంటే 15 శాతం లోపు ఉంది కాబట్టి, 100 రూపాయలకే ఇవ్వడానికి ఒప్పుకుంటే 25 శాతం దాకా, అంటే 2,500 జతల దాకా ఆర్డర్ మనకు ఇవ్వాలి. అర్హులైన చిన్న సంస్థలు ఇంకా ఉంటే ఆ 2,500ను పంచుతారు. ముక్కలు చేయలేని టెండర్ అయితే మొత్తం ఆర్డర్ ఇవ్వవచ్చు. ఎల్‌1గా వచ్చినదే మరో చిన్న సంస్థ అయితే ఈ వెసులుబాటు ఉండదు.

జాగ్రత్తగా గమనిస్తే, ప్రభుత్వం ఇక్కడ ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వడం లేదు. ముడిసరుకు టన్నుల్లో కొనే కంపెనీ ధరకే, కిలోల్లో కొనే మనిషి అమ్మాలి. దీన్ని రాయితీ అని, ప్రభుత్వంపై భారమని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

కంత ఎక్కడుంది?

2012 ఉత్తర్వులో ఒక వాక్యం ఉంది. ఎస్సీ, ఎస్టీల సంస్థలు టెండర్‌లో పాల్గొనకపోయినా, షరతులను, ఎల్‌1 ధరను అందుకోలేకపోయినా, ఆ 4 శాతాన్ని మిగతా సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి పూరించవచ్చు. ఈ విధానం ప్రాణం తీస్తున్నది ఆ ఒక్క వాక్యమే. ఉద్యోగ రిజర్వేషన్‌లో బ్యాక్‌లాగ్ అనే మాటైనా ఉంది. భర్తీ కాని పోస్టును కొంతకాలమైనా ముందుకు తీసుకెళ్తారు, దానిమీద ఉద్యమం చేయవచ్చు. ఇక్కడ అదీ లేదు. మార్చి 31తో మన వాటా ఆవిరి. వచ్చే ఏడాది మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఫలితం ఊహించగలిగిందే. కేంద్ర సంస్థలు మొత్తం చిన్న సంస్థల వాటా 25 శాతాన్ని దాటామని ఏటా గొప్పగా చెబుతున్నాయి. ఎస్సీ, ఎస్టీ వాటా మాత్రం ఏ సంవత్సరమూ 4కు చేరలేదు. ఈ లక్ష్యం కోసమే 2016 అక్టోబర్‌లో లుధియానాలో ప్రధాని జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్‌ను ప్రారంభించిన తర్వాత కూడా, తొలి ఏళ్లలో ఒక శాతం దాటలేదు. దీనికి అధికారులు చెప్పే జవాబు ఒకటే: మీవాళ్లలో సరఫరాదారులు లేరు. కానీ 2015-16 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని ఎంఎస్‌ఎంఈల్లో 12.45 శాతం ఎస్సీలవి, 4.10 శాతం ఎస్టీలవి. వాటిలో ఎక్కువ భాగం మనిషీ కుట్టుమిషనూ తప్ప ఏమీ లేనివని మాకూ తెలుసు. అలాంటి వాటిని సరఫరాదారులుగా ఎదిగేలా చేయడానికి ప్రత్యేక కార్యక్రమాలు, కొనేవారు అమ్మేవారు కలిసే సమావేశాలు పెట్టాలని అదే ఉత్తర్వు ఆ అధికారులను ఆదేశించింది. తమ పని చేయకుండా, చేయనందువల్ల వచ్చిన ఫలితాన్నే సాకుగా చూపడం మన అనుభవంలో కొత్తేమీ కాదు.

బినామీల సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. 51 శాతం కాగితం మీద మనవాడి పేరున, చెక్కుబుక్కు మరొకరి చేతిలో ఉండే సంస్థల గురించి ప్రతి జిల్లాలో వింటున్నాం. సంతకానికి నెలకింత అని తీసుకుని ఊరుకున్నవారిలో కొందరు తర్వాత పన్ను నోటీసులు తమ పేరున వచ్చినప్పుడు మా దగ్గరికి వచ్చారు. పేరు అప్పిచ్చినవాడికి అప్పు కూడా ఆ పేరుతోనే మిగులుతుంది.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన లైఫ్‌కేర్ ఇన్నోవేషన్స్ తీర్పు ఈ విషయంలో అందరూ చదవాల్సినది. ఫంగస్ వ్యాధికి మందు తయారుచేసే ఒక చిన్న సంస్థ, టెండర్లలో పెట్టే కనీస టర్నోవర్ షరతు తమను గుమ్మంలోనే ఆపేస్తోందని కోర్టుకు వెళ్లింది. 2012 విధానం ఊరికే మార్గదర్శకం కాదని, దానికి చట్టబలం ఉందని కోర్టు స్పష్టం చేసింది. అయితే ఫలానా టెండర్ తనకే ఇవ్వాలని అడిగే హక్కు ఒక్కో సంస్థకు లేదంది. విధానాన్ని అమలు చేయాల్సిన సమీక్షా కమిటీ, ఫిర్యాదుల విభాగం తమ బాధ్యత నెరవేర్చాలని, వాటిచేత పని చేయించడమే కోర్టు పాత్ర అని చెప్పింది. సగం గెలుపు అనుకోవచ్చు. ఒంటరిగా వెళ్లే సంస్థకు దీనితో ఒరిగేది తక్కువ. సంఘంగా వెళ్లి, ఫలానా సంస్థ ఐదేళ్లుగా 4 శాతం ఇవ్వలేదని లెక్కలతో నిలదీసేవారికి మాత్రం పనికొస్తుంది.

బిల్లు రాకపోతే

ఆర్డర్ దొరకడం ఒక ఎత్తు, డబ్బు రావడం మరో ఎత్తు. వడ్డీకి తెచ్చి సరుకు పంపి, బిల్లు కోసం ఎనిమిది నెలలు తిరిగి, యూనిట్ మూసుకున్న కథలు ఎన్నో. 2006 చట్టంలో 15 నుంచి 24 దాకా ఉన్న సెక్షన్లు దీనికోసమే. ఇవి మధ్యతరహా సంస్థలకు వర్తించవు, సూక్ష్మ, చిన్న సంస్థలకే. కొనేది ప్రభుత్వమైనా ప్రైవేటైనా తేడా లేదు.

ఒప్పందంలో గడువు రాసుకుంటే ఆ గడువులోగా, ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాసుకోకపోతే 15 రోజులు. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకును అంగీకరించినట్టే లెక్క. ఆరు నెలల తర్వాత 'నాణ్యత బాగాలేదు' అనేవారికి ఈ ఒక్క నిబంధన చాలు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. 10 లక్షల బిల్లు ఏడాది ఆలస్యమైతే వడ్డీయే లక్షా 95 వేలు దాటుతుంది. ఒప్పందంలో వడ్డీ లేదని రాయించుకున్నా చెల్లదు, ఈ చట్టానిదే పైచేయి.

వసూలుకు సివిల్ కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. ప్రతి రాష్ట్రంలో సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఉన్నాయి. 2017 నుంచి సమాధాన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టవచ్చు. కౌన్సిల్ మొదట రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్ చేస్తుంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టం. అంత త్వరగా తేలిన కేసులు మాకు తెలిసి అరుదు. అయినా ఒక పదునైన నిబంధన ఉంది: తీర్పును సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం సొమ్ము కోర్టులో జమ కట్టాలి. కాలయాపన కోసమే అప్పీలుకు వెళ్లేవారు ఇక్కడ వెనక్కి తగ్గుతారు.

ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షన్‌కు 2023లో చేర్చిన హెచ్ క్లాజు మరో ఒత్తిడి. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించకపోతే, చెల్లించిన ఏడాది దాకా ఆ ఖర్చును కొనుగోలుదారు తన లెక్కల్లో చూపించుకోలేడు. పన్ను కట్టే కంపెనీకి ఇది తగులుతుంది. పన్నే కట్టని ప్రభుత్వ శాఖకు చీమకుట్టినట్టు కూడా ఉండదు.

ఇవన్నీ ఉద్యం రిజిస్ట్రేషన్ మీద ఆధారపడి ఉన్నాయి. అది పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. వేలు అడిగే ఏజెంట్లను నమ్మకండి. సామాజిక వర్గం అనే గడిలో సరిగ్గా గుర్తు పెట్టాలి. అక్కడ 'జనరల్' అని పడితే కొనుగోళ్ల లెక్కల్లో మీరు ఎస్సీ సంస్థగా కనిపించరు. ఆర్డర్ ఒప్పందం కంటే ముందే రిజిస్టర్ కావడం ముఖ్యం. ఒప్పందం తర్వాత రిజిస్టరైన సంస్థ పాత సరఫరాలకు ఈ చట్టం కింద లబ్ధి అడగలేదని 2022 అక్టోబర్‌లో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో మరో ధర్మాసనం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదనే వైపు మొగ్గి, విషయాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపింది. చర్చ మీమీద ప్రయోగం కాకూడదంటే ముందే చేయించుకోండి.

రాష్ట్రాలు, అమ్మకాలు

కేంద్రం ఉత్తర్వు రాష్ట్ర శాఖలకు, మున్సిపాలిటీలకు, జిల్లా పరిషత్తులకు వర్తించదు. 11వ సెక్షన్ కింద రాష్ట్రాలు సొంతంగా ఇవ్వాలి. ఈ విషయంలో కర్ణాటక వేరే దారి పట్టింది. తన పారదర్శక కొనుగోళ్ల చట్టాన్నే సవరించి, 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95 శాతం కేటాయించింది. 2023లో ఆ పరిమితిని కోటికి పెంచింది. కేంద్ర విధానం వదిలేసిన వర్క్స్ కాంట్రాక్టులే అక్కడ అసలు విషయం. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ పద్ధతిపై ఇచ్చే పనుల్లో 50 శాతం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు ఇవ్వాలని చట్టం చేసింది. నామినేషన్ మీద ఇచ్చేదే కొంచెం, అందులో సగం నలుగురికీ కలిపి.

ఇంకో సంగతి మన ఉద్యమాల్లో సరిగ్గా చర్చకు రాలేదు. విశాఖ ఉక్కును నూరు శాతం అమ్మడానికి 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, ఉద్యోగ రిజర్వేషన్లు పోతాయని మనం నినదించాం. సరైనదే. కానీ ఒక కేంద్ర సంస్థ ప్రైవేటు చేతికి వెళితే, అది ఏటా కొనే సరుకులో 4 శాతం బాధ్యత కూడా ఆ రోజుతో పోతుంది. ఉద్యోగం పోయినవాడు కనిపిస్తాడు. రాని ఆర్డర్ ఎవరికీ కనిపించదు.

సమాచార హక్కుతో మొదలుపెట్టండి

మన చుట్టూ ఉన్నవే తీసుకోండి: రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, హైదరాబాద్‌లో బీడీఎల్, ఈసీఐఎల్, మిధాని, ఎన్‌ఎండీసీ, రామగుండం, సింహాద్రి ఎన్‌టీపీసీలు, విశాఖ రిఫైనరీ, దక్షిణ మధ్య రైల్వే. ప్రతి సంస్థా చిన్న సంస్థల నుంచి చేసే కొనుగోళ్ల వార్షిక ప్రణాళికను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, లక్ష్యాన్ని, సాధించినదాన్ని వార్షిక నివేదికలో చెప్పాలి. మొదట అవి చూడండి. దొరకకపోతే అదే మీ మొదటి ప్రశ్న.

దరఖాస్తులో 'ఎస్సీలకు ఏం చేశారు' అని అడిగితే నాలుగు పేరాల ఉపన్యాసం వస్తుంది. గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో ఒక్కో ఏడాది మొత్తం కొనుగోలు విలువ ఎంత, అందులో ఎస్సీ, ఎస్టీ సంస్థల నుంచి కొన్నది ఎన్ని రూపాయలు, అలా అమ్మిన సంస్థలు ఎన్ని అని అడగండి. 4 శాతంలో మిగిలినది ఇతర సంస్థల నుంచి పూరించారా, ఏ టెండర్లలో, ఎవరి ఆమోదంతో అని అడగండి. కనీస టర్నోవర్ షరతు పెట్టిన టెండర్లు ఎన్ని, చిన్న సంస్థలకు దాన్ని సడలించినవి ఎన్ని అని విడిగా అడగండి. ఎస్సీ, ఎస్టీల కోసం పెట్టిన సరఫరాదారుల సమావేశాల తేదీలు, హాజరు పట్టికల నకళ్లు కోరండి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే తరచుగా అన్నింటికంటే ఎక్కువ చెబుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే సంస్థలోని మొదటి అప్పీలు అధికారికి రాయాలి. ఆ అప్పీలుకు కేంద్ర సంస్థల్లో రుసుము లేదు. వచ్చిన జవాబుల ప్రతులు మాకు పంపితే సంస్థల వారీగా, ఏడాదుల వారీగా పట్టిక వేసి ఇదే శీర్షిక కింద ప్రచురిస్తాం.